పాలు తగ్గితే దాణా ఒక్కటే కారణం కాదు

సంపాదకులకు,

హైదరాబాద్‌కు పాలు పంపే చేవెళ్ల, మొయినాబాద్, ఇబ్రహీంపట్నం వైపు చిన్న రైతులు, ఈనిన ఆవు పాలు పెరగకపోతే ముందు దాణా మారుస్తారు, తర్వాత కాల్షియం సీసాలు కొంటారు. గర్భసంచిలో చీము పట్టిందేమోనన్న అనుమానం ఆఖరున వస్తుంది.

దూడ పుట్టాక గర్భసంచి నుంచి ఊడి వచ్చే మాయ మామూలుగా 8 నుంచి 12 గంటల్లో పడిపోవాలి. పడకపోతే దానికి ఇటుక కట్టడం, చెయ్యి పెట్టి గుంజడం ఇంకా జరుగుతూనే ఉంది. దయచేసి మానండి. మాయ గర్భసంచి గోడకు బుడిపెల దగ్గర గుండీలు పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. గుంజితే గోడ చిరుగుతుంది, ముక్కలు లోపలే మిగిలి కుళ్లుతాయి. మెడికల్ షాపులో కొన్న బిళ్లలను కడగని చేత్తో లోపలికి తోయడమూ అంతే చేటు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఈనాక 10 రోజులు ఉదయం పూట మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడాలి. రెండు వారాల దాకా వాసన లేని మైల (గర్భసంచి నుంచి వచ్చే స్రావం) పడటం సహజం. జ్వరం 103 డిగ్రీలు దాటి, నీళ్లలాంటి ఎర్రటి మైల దుర్వాసన కొడుతుంటే అదే రోజు వైద్యం మొదలుపెట్టాలి. జ్వరంతో ముందు మేత తగ్గుతుంది, దాని వెనకే పాలు. 4 నుంచి 8 వారాల మధ్య ఎక్కాల్సిన గరిష్ఠ పాడికి ఆవు చేరదు. అక్కడ రోజుకు ఒక్క లీటరు తగ్గితే ఆ ఈత మొత్తం మీద సుమారు 200 లీటర్లు పోతాయని పాడిలో వాడుకలో ఉన్న లెక్క. రెండు ఆవులతో బతికే ఇంటికి ఇది చిన్న నష్టం కాదు.

జ్వరం లేకుండా గర్భసంచిలో చీము పట్టే జబ్బు ఇంకా మోసకారి. మేత తింటుంది, పాలూ ఇస్తుంది, చూలు మాత్రం నిలవదు. ఎదకు వచ్చినప్పుడు ఆవు మానం నుంచి వేలాడే జిగురు తీగ అద్దంలా తేటగా ఉండాలి. తెల్లటి చీము పోగులు కనిపిస్తే ఆ ఎదలో చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించకుండా చికిత్స చేయించి, 21 రోజుల తర్వాత వచ్చే ఎదకు చూడాలి. తొందరపడితే సూది ఖర్చు దండగ, వట్టిపోయిన ఆవును నెలల తరబడి మేపాలి.

యాంటీబయాటిక్ ఇచ్చాక మందు చీటీపై రాసినన్ని రోజులు ఆ పాలు కేంద్రంలో పోయకూడదు. నెలలు నిండకముందే ఈసుకుపోయిన పశువు మాయను గ్లౌజులు లేకుండా ముట్టకండి, పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం మనుషులకూ సోకుతుంది. 4 నుంచి 8 నెలల పెయ్యలకు దాని టీకా ఒక్కసారి వేయిస్తే చాలు.

మా విన్నపం ఒక్కటే. ప్రతి పాల సేకరణ కేంద్రంలో ఒక థర్మామీటర్, ఈనిన తేదీలు రాసే ఒక పుస్తకం ఉంచాలి. పాలు పోయడానికి రోజూ వచ్చే రైతును అక్కడే అడగవచ్చు: మాయ ఎన్ని గంటలకు పడింది, ఇవాళ జ్వరం ఎంత ఉంది?

– పశువైద్యులు, రాజేంద్రనగర్, హైదరాబాద్