ఫలితాల అంకె పోటీ కాదు

ఎడిటర్ గారికి,

బ్లాగు మొదలుపెట్టే కుర్రాళ్లు కీవర్డ్ టూళ్లకు (జనం ఏ మాటలు వెతుకుతున్నారో చూపే సాధనాలకు) నెలనెలా డబ్బు కట్టనక్కర్లేదు, మొదట్లో గూగుల్ చాలు. ఇన్‌కాగ్నిటోలో (మన పాత వెతుకులాటలు కలవని బ్రౌజర్ ప్రైవేటు విండోలో) 'గుంటూరు మిర్చి' అని కొట్టి, ఎంటర్ నొక్కకుండా ఆగండి. కింద వచ్చే సూచనలు చాలావరకు జనం వెతికేవే. చివర క, ధ, ర అని ఒక్కో అక్షరం చేరిస్తే ఇంకొన్ని వస్తాయి. ఇంగ్లిషు అక్షరాల్లోనూ కొట్టి చూడండి. ఫోన్‌లో మనవాళ్లు తెలుగు టైపు చేసేది ఎక్కువగా అలాగే కదా!

బోల్తా పడేది పోటీ దగ్గరే. గూగుల్ చూపే 'లక్షల ఫలితాలు' అన్నది ఉజ్జాయింపు లెక్క. అసలు పోటీ మొదటి పేజీలోని పదింటితోనే. 'ఇన్‌టైటిల్' (intitle) అని ఇంగ్లిషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా కోట్స్‌లో మాట రాస్తే, దాన్ని శీర్షికలో పెట్టుకున్న పేజీలు బయటపడతాయి. వాటిని తెరిచి చదవాలి. అన్నీ పత్రికల, ప్రభుత్వ సైట్లయితే ఆ మాట వదిలేయడం మేలు. పాత ధరల పేజీలు, అరకొర జవాబులు కనిపిస్తే చోటున్నట్టే. 'తేజ మిర్చి ఎన్ని రోజులు ఆరబెట్టాలి' లాంటి పొడుగు ప్రశ్నలకు అది తరచూ దొరుకుతుంది.

ఒక మాటపై ఆసక్తి ఎప్పుడెంతో గ్రాఫ్‌గా చూపే గూగుల్ ట్రెండ్స్‌లో 100 అంటే వందమంది కాదు, ఆ కాలంలో ఆసక్తి శిఖరానికి చేరిందని. 5 ఏళ్ల గ్రాఫ్ చూస్తే సీజన్ తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకు ఫిబ్రవరి, మార్చిల్లో సరుకు పోటెత్తుతుంది. వ్యాసం డిసెంబరుకే పడాలి.

- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు