మా తమ్ముణ్ణి కొండ దింపినవాళ్ళకు, ఆ ఖర్చు మోసినవాళ్ళకు

అందరికీ నమస్కారం. మా తమ్ముడి కాలి ఆపరేషన్ బాగా జరిగింది. ప్లేటు వేశారు. వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తున్నాడు. ఫోన్లు చేసినవాళ్ళకు, క్యారియర్లు పంపినవాళ్ళకు, ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్నవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు. మీ అందరితో విడిగా మాట్లాడతాను. ఈ పోస్టు మాత్రం ఇంకొందరి కోసం. వాళ్ళలో చాలామంది పేర్లు నాకు తెలియవు. కొందరి మొహం కూడా చూడలేదు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర అధికారులకు, వలంటీర్లకు ఇంగ్లీషులో ఉత్తరం రాసి పంపాను. వాళ్ళేం చేశారో, దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో మనవాళ్ళకు కూడా తెలియాలి, అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.

అక్టోబర్ మొదట్లో, ఆకులు రంగు మారే రోజుల్లో, తమ్ముడూ వాడి క్లాస్‌మేట్లూ ఇక్కడి వైట్ మౌంటెన్స్ కొండల్లో ఫ్రాంకోనియా రిడ్జ్ అనే శిఖరాల వరస ఎక్కారు. ఫాలింగ్ వాటర్స్ ట్రెయిల్‌లో ఎక్కి, లిటిల్ హేస్టాక్, లింకన్, లాఫయెట్ శిఖరాలు దాటి, ఓల్డ్ బ్రైడిల్ పాత్‌లో దిగాలి. మొత్తం తొమ్మిది మైళ్ళ దాకా ఉంటుంది. లాఫయెట్ ఎత్తు 5,249 అడుగులు. మన అరకు వైపు కొండలూ ఇంచుమించు అంత ఎత్తున్నవే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ పైభాగంలో చెట్టన్నది ఉండదు, గాలికి అడ్డూ ఉండదు. అదే వైట్ మౌంటెన్స్‌లో ఉన్న మౌంట్ వాషింగ్టన్ మీద 1934లో గంటకు 231 మైళ్ళ వేగంతో గాలి వీచినట్టు నమోదైంది. పిల్లలు మంచి బూట్లు, జాకెట్లు, లైట్లు, నీళ్ళు, తిండి అన్నీ తీసుకునే వెళ్ళారు. దిగేటప్పుడు దారిలో ఉండే గ్రీన్‌లీఫ్ హట్ అనే విడిది దాటాక తడి బండ మీద తమ్ముడి కాలు జారింది. మడమ పైన ఎముకలు విరిగాయి.

అప్పుడు వాళ్ళు ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయలేదు. ఈ ముక్క చదివి ఎవరూ వాళ్ళను తప్పు పట్టకండి. మంచి పిల్లలు, వాణ్ణి ఒక్క నిమిషం కూడా వదల్లేదు. వాళ్ళ భయమంతా బిల్లు గురించి. ‘హెలికాప్టర్ వస్తే వేల డాలర్లు కట్టించుకుంటారు, స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో అది రాదు’ అని ఒకరు. ఎక్కడో చదివిన వార్త ఇంకొకరికి గుర్తొచ్చింది. ఆ వార్త నిజమే. 2009లో పదిహేడేళ్ళ స్కౌటు కుర్రాడు మౌంట్ వాషింగ్టన్ మీద కాలు బెణికి దారి తప్పి, మూడు రాత్రులు మంచులో గడిపి బతికి బయటపడ్డాడు. ముందు అందరూ మెచ్చుకున్నారు. తర్వాత 25 వేల డాలర్లు దాటిన బిల్లు పంపారు. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఒక్క బిల్లు కథ మా పిల్లల చేతిలో ఫోన్ ఉండి కూడా నంబరు నొక్కనివ్వలేదు. తమ్ముణ్ణి భుజాల మీద వేసుకుని దింపాలని చూశారు. వాడు నొప్పికి తట్టుకోలేకపోయాడు. చీకటి పడుతోంది, చలి పెరుగుతోంది. అప్పుడు నాకు ఫోన్ చేశారు. ‘డబ్బు సంగతి నేను చూసుకుంటాను, ముందు 911కి చేయండి’ అన్నాను.

ఆ ఫోన్ వెళ్ళాక ఎక్కడా ఆలస్యం జరగలేదు. ఫోన్ ఉన్న చోటు వాళ్ళకు తెలిసిపోయింది. రాష్ట్రంలో వేట, చేపల వ్యవహారాలు చూసే ఫిష్ అండ్ గేమ్ శాఖ ఆఫీసరు తిరిగి ఫోన్ చేసి, ఎవరూ కదలొద్దు, ఉన్న బట్టలన్నీ వాడికి కప్పండి, కింద బ్యాగులు పరిచి నేల చలి తగలకుండా పడుకోబెట్టండి అని చెప్పారు. నేను నాషువా నుంచి కారులో బయల్దేరాను. లాఫయెట్ ప్లేస్ పార్కింగ్‌కు చేరేసరికి పైకి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళిపోయారు. ఇంకా కొందరు వస్తున్నారు. కారు డిక్కీ తీసి, బూట్ల లేసులు బిగించుకుని, హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, నాతో రెండు మాటలు మాట్లాడి ధైర్యం చెప్పి చీకట్లో పైకి వెళ్ళిపోయారు. వీళ్ళంతా వలంటీర్లు. ఎవరికీ జీతం లేదు. పెట్రోలు, బూట్లు, లైట్లు చాలావరకు సొంత ఖర్చే. వాళ్ళలో ఒకావిడ బడిలో టీచరు, తెల్లారి మళ్ళీ పాఠం చెప్పాలి.

స్ట్రెచర్ మోయడం ఎలా ఉంటుందో తమ్ముడు చెబితే తెలిసింది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఇంకో జట్టు ముందు నడుస్తుంటుంది. మోసేవాళ్ళకు చేతులు లాగకముందే వాళ్ళు పట్టుకుంటారు, వీళ్ళు వదులుతారు. బండలు మరీ నిటారుగా ఉన్నచోట మోస్తూ నడవరు. రెండు వరసల్లో నిలబడి స్ట్రెచర్‌ను చేతి నుంచి చేతికి కిందికి అందిస్తారు. వెనకవాళ్ళ చేతులు ఖాళీ అవగానే పక్కనుంచి దిగివచ్చి మళ్ళీ ముందు నిలబడతారు. తల దగ్గర ఒకావిడ నడుస్తూ వాడితో మాట్లాడుతూనే ఉందట. కాసేపటికోసారి ‘కాలివేళ్ళు కదిలించు’ అని అడిగేదట. రక్తం సరిగ్గా ఆడుతోందో లేదో చూడటానికి. తన జేబులో వెచ్చపెట్టుకున్న హీట్ ప్యాకెట్లు తీసి వాడి చంకల్లో పెట్టింది. చదునైన రోడ్డు మీద నడిచిపోయే దూరమే, గంటలు పట్టింది. ఆ రాత్రి ఒక్కరి నోటా విసుగు మాట వినలేదన్నాడు.

తెల్లారి అనకాపల్లి నుంచి నాన్న ఫోన్. వాడికెలా ఉందని అడిగి, కాస్త ఆగి, ‘ఎంత కట్టాలటమ్మా? ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేద్దామా?’ అన్నారు. కొండ దింపినందుకు ఏమీ కట్టక్కర్లేదు నాన్నా అంటే నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నారు. ఫోన్ పెట్టేశాక నాక్కూడా అనిపించింది, మరి ఎవరు కట్టినట్టు?

తెలుసుకున్నాను. అమెరికాలో చాలాచోట్ల ఈ పని కౌంటీ షెరీఫ్‌ది. నేషనల్ పార్కుల్లో పార్క్ సర్వీసుది, వాళ్ళు వెతికి తెచ్చినందుకు డబ్బు తీసుకోరు. న్యూ హాంప్‌షైర్‌లో మాత్రం అడవుల్లో ఎవరు తప్పిపోయినా, పడిపోయినా చట్టప్రకారం ఫిష్ అండ్ గేమ్ శాఖే వెళ్ళాలి. జీతాల మీద పన్ను, సేల్స్ టాక్స్ రెండూ లేని చిన్న రాష్ట్రం ఇది. ఆ శాఖ నడవడంలో వేట లైసెన్సుల, చేపల లైసెన్సుల డబ్బుకు ముఖ్యమైన పాత్ర ఉంది. పడవ, స్నోమొబైల్, ఏటీవీ ఏది రిజిస్టర్ చేయించుకున్నా అందులో ఒక డాలరు రెస్క్యూ నిధికి వెళ్తుంది. కొండెక్కేవాళ్ళు ముందే కొనుక్కునే హైక్ సేఫ్ కార్డుల డబ్బు కూడా 2015 నుంచి దీనికి తోడైంది.

అంటే మా తమ్ముడి కోసం డబ్బు కట్టినవాళ్ళలో ఏ చెరువు గట్టునో గాలం వేసుకునే పెద్దాయన ఉన్నాడు, చలికాలం స్నోమొబైల్ నడిపే కుటుంబం ఉంది. వాళ్ళు ఎప్పుడైనా ఫ్రాంకోనియా రిడ్జ్ ఎక్కారో లేదో తెలియదు. మా వాడెవడో వాళ్ళకు తెలియదు. వాళ్ళకు మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారం. నాలాగా బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం, మసాచుసెట్స్ నుంచి వారాంతంలో వచ్చి ఎక్కి వెళ్ళేవాళ్ళం, ఆ డాలరు కట్టకుండానే వాళ్ళ మీద ఆధారపడుతున్నాం. ఇది నాకు న్యాయంగా అనిపించడం లేదు. కొండెక్కేవాళ్ళం కట్టాలి.

కానీ ఎప్పుడు కట్టాలన్నదే నాకు ముఖ్యం. నిర్లక్ష్యంగా వెళ్ళి ప్రమాదం తెచ్చుకున్నవాళ్ళ నుంచి ఖర్చు రాబట్టుకునే చట్టం ఈ రాష్ట్రంలో ఉంది. 2012లో ఇదే రిడ్జ్ మీద తుంటి జారిన ఒకాయనకు 9 వేల డాలర్లకు పైగా బిల్లు వేశారు. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు అది సరైనదేనంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. తుపాను హెచ్చరిక విని కూడా చెప్పులతో కొండెక్కే మనిషి కోసం ఇంకొకరు ప్రాణాలు పణంగా పెట్టడం ఎవరికైనా బాధే. అయినా ఆ బిల్లు వెళ్ళేది ఒక్కరికి, దాని భయం మాత్రం వందల మందికి పాకుతుంది. భయపడి ఫోన్ చేయనివాళ్ళలో జాగ్రత్తగా వెళ్ళినవాళ్ళే ఎక్కువ ఉంటారని నా నమ్మకం, మా పిల్లల్లాగే. పైగా ఆలస్యమైన కొద్దీ గాయం ముదురుతుంది, చీకటి పడుతుంది, వెతకడానికి ఇంకా ఎక్కువమంది కావాలి. బిల్లు వేయొద్దని మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్ ఏళ్ళ తరబడి చెబుతున్నదీ ఇదే. కొండ మీద రెస్క్యూ చేసే మనుషులే ఆ మాట అంటున్నారు, అది వినాలి కదా.

ముందే అందరూ కొంచెం కొంచెం కట్టే పద్ధతులు ఉన్నాయి. కొలరాడోలో కారు రిజిస్ట్రేషన్‌తో పాటు, వద్దనుకుంటే తప్ప, పార్కు పాస్ కలుపుతారు. అందులో కొంత రెస్క్యూ టీములకు వెళ్తుంది. స్విట్జర్లాండ్‌లో రేగా అనే రెస్క్యూ సంస్థ హెలికాప్టర్లు ఏటా కొద్ది ఫ్రాంకులు ఇచ్చే లక్షలాది మంది పోషకుల అండతో ఎగురుతున్నాయి. ఇక్కడ మన చేతిలో ఉన్నది హైక్ సేఫ్ కార్డు. ఒకరికైతే 25 డాలర్లు, కుటుంబానికి 35. అది ఉంటే, నిర్లక్ష్యం వల్ల జరిగిందని తేలినా రెస్క్యూ ఖర్చు మన మీద పడదు. తెలిసి తెలిసి తెగించి చేసిన పనులకు మాత్రం ఆ రక్షణ ఉండదు. ఇది ఇన్సూరెన్స్ కాదు. పార్కింగ్ నుంచి ఆసుపత్రికి తీసుకెళ్ళిన అంబులెన్స్ బిల్లు, ఆసుపత్రి బిల్లు మాకు వేరేగా వచ్చాయి, అవి మేమే కట్టుకుంటున్నాం. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే మనవాళ్ళలో సగం టెన్షన్.

మేం కుటుంబం కార్డు తీసుకున్నాం. తమ్ముడి స్నేహితులు తలా కొంత వేసుకుని ఒక వలంటీర్ టీముకు విరాళం పంపారు. పెమిగెవాసెట్ వ్యాలీ, ఆండ్రోస్కాగిన్ వ్యాలీ లాంటి టీములు విరాళాల మీదే ఆధారపడతాయి, ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి. కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం మా తెలుగు సంఘం పెట్టే మీటింగ్‌లో పది నిమిషాలు ఈ విషయం చెప్పనివ్వమని అడిగాను, సరేనన్నారు. తమ్ముడు కూడా వస్తానంటున్నాడు. నాషువా, లోవెల్, వూస్టర్ చుట్టుపక్కల చదువుకుంటున్న పిల్లలు ఎవరైనా వైట్ మౌంటెన్స్ వెళ్ళే ముందు కార్డుకు ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకుండా నాకు మెసేజ్ పెట్టండి. ఆ పాతిక డాలర్లు నేను కడతాను.