సైలస్ సోల్ గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నిరుడు మేము డెన్వర్ వచ్చినప్పుడు నువ్వు కారులోంచి చూపించిన మౌంట్ బ్లూ స్కై శిఖరానికి 2023 వరకూ మౌంట్ ఎవాన్స్ అనే పేరుండేది కదా, ఆ పేరు ఎందుకు తీసేశారని మొన్న అడిగావు. అది ఫోనులో చెప్పి ముగించదగిన సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

జాన్ ఎవాన్స్ 1864లో కొలరాడో గవర్నరు. షయాన్, అరపాహో అనే స్థానిక అమెరికన్ తెగల వాళ్లను సైనికులు చంపిన సాండ్ క్రీక్ మారణకాండ ఆయన హయాంలోనే జరిగింది, దాని కారణంగానే ఆయన పదవి కూడా పోయింది. అయితే ఆయనకంటే, ఆనాటి అశ్వికదళంలో కెప్టెనుగా పనిచేసిన సైలస్ సోల్ అనే యువకుడి గురించి నీకు చెప్పాలని ఉంది. పారిపోయి వచ్చే బానిసలకు తమ ఇంట్లోనే ఆశ్రయమిచ్చిన కుటుంబంలో పెరిగినవాడు అతను. 1862లో, అమెరికా అంతర్యుద్ధ కాలంలో, దక్షిణాది సైన్యంతో జరిగిన గ్లోరియెటా పోరులో కల్నల్ షివింగ్టన్ వైపే నిలిచి పోరాడాడు. ఆ షివింగ్టన్ అంతకుముందు మతబోధకుడు.

1864 సెప్టెంబరులో షయాన్ నాయకుడు బ్లాక్ కెటిల్‌తో సంధి మాటలకు మేజర్ విన్‌కూప్ వెళ్లినప్పుడు సోల్ కూడా వెంట ఉన్నాడు. సైన్యం రక్షణ ఉంటుందన్న భరోసాతోనే షయాన్, అరపాహో ప్రజలు ఫోర్ట్ లయన్ అనే సైనిక కోటకు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, సాండ్ క్రీక్ వాగు ఒడ్డున గుడారాలు వేసుకున్నారు. ఆ మాట ఇచ్చిన చోట తానూ కూర్చున్నవాడు కనుక, నవంబరు 28న షివింగ్టన్ నూరు రోజుల కోసం చేరిన సైనికులతో ఆ గుడారాల మీద దాడి తలపెట్టి కోటకు వచ్చినప్పుడు, సోల్ తోటి అధికారుల ఎదుటే ఇది తప్పని గట్టిగా చెప్పాడు, బెదిరింపులనూ ఎదుర్కొన్నాడు. అయినా ఆ రాత్రి దళంతో పాటు బయలుదేరాడు. శత్రువర్గాల మీదికే వెళుతున్నామని పై అధికారి నచ్చజెప్పినట్లు తర్వాత రాశాడు. అతను వెళ్లకుండా ఉండవలసిందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, కాని వెళ్లకపోయి ఉంటే సాక్షి ఉండేవాడు కాదు.

తెల్లవారేసరికి దాదాపు ఏడు వందల మంది సైనికులు గుడారాల మీద పడ్డారు. బ్లాక్ కెటిల్ గుడారం మీద అమెరికా జెండా, దానితో పాటు తెల్లజెండా ఎగురుతూనే ఉన్నాయి. సోల్ తన దళాన్ని కాల్పులు జరపవద్దని ఆజ్ఞాపించి నిలిపివేశాడు, లెఫ్టినెంట్ క్రేమర్ కూడా అలాగే చేశాడు. ఆ రోజు సుమారు 230 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. డిసెంబరు 14న సోల్ విన్‌కూప్‌కు రాసిన ఉత్తరంలో మోకాళ్ల మీద పడి ప్రాణభిక్ష అడిగిన పసివాళ్ల గతి ఏమైందో ఉంది. అది నీకు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు తల్లీ.

తుపాకి ఎత్తకపోవడం ఒక ఉదయం చూపిన ధైర్యం. ఆ తర్వాతి నెలలే నన్ను ఎక్కువగా కదిలిస్తాయి. డెన్వర్ నగరం ఆ సైనికులకు వీరస్వాగతం పలుకుతుండగా, అదే నగరంలో 1865 ఫిబ్రవరిలో సోల్ ఆ మారణకాండపై వేసిన విచారణ సంఘం ముందు నిలబడి, షివింగ్టన్ స్వయంగా అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. షివింగ్టన్ అప్పటికే సైన్యం నుంచి తప్పుకున్నందున అతనికి ఏ శిక్షా పడలేదు. సోల్ ఏప్రిల్ 1న పెళ్లి చేసుకున్నాడు, 23న డెన్వర్ వీధిలో కాల్చి చంపబడ్డాడు. అప్పటికి అతని వయసు 26 ఏళ్లు. హంతకుడు విచారణ జరగకుండానే తప్పించుకున్నాడు.

సోల్, క్రేమర్ రాసిన ఉత్తరాలు 2000లో మళ్లీ వెలుగులోకి వచ్చి, సాండ్ క్రీక్‌ను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించడానికి తోడ్పడ్డాయి. ఏటా షయాన్, అరపాహో వారసులు ఆ వాగు నుంచి డెన్వర్ వరకూ స్మారక పరుగు చేస్తూ, రివర్‌సైడ్ శ్మశానవాటికలో అతని సమాధి దగ్గర ఆగుతారట. ఆ శ్మశానం మీ ఊళ్లోనే ఉంది. ఈసారి మేము వచ్చినప్పుడు, మంచు పడకముందే, మీ అమ్మనూ నన్నూ అక్కడికి తీసుకెళ్లు.

మీ నాన్న