చీటీ మీది ప్రశ్నార్థకం

సంపాదకులకు నమస్కారం.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాను. 22 ఏండ్లుగా పత్తి, మిర్చి బస్తాల లెక్కలు రాస్తున్నాను. వయసు 47. బీడీ, సిగరెట్టు ముట్టలేదు. నాలుగేండ్ల కింద ఒక డాక్టరు నా చీటీ మీద ‘ఆస్తమా’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టిండు. దానికి జవాబు మొన్న మార్చిలో గానీ దొరకలేదు. యార్డులో నాలాగే దగ్గుకుంటూ తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదట్లో పొడి దగ్గే. మిర్చి సీజన్ కదా, యార్డులో దగ్గనిది ఎవరు? జెండా పాట, అంటే సరుకు వేలం, నడిచేటప్పుడు వ్యాపారి, రైతు, తూకం వేసే దడువాయి అందరూ ముక్కుకు తువ్వాల కట్టుకునే ఉంటారు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన చపాట మిర్చి రంగే తప్ప పెద్ద ఘాటు లేనిది, దాని కుప్పల దగ్గర కాసేపు నిలబడొచ్చు. ఘాటు రకమైన తేజా మిర్చి బస్తా కోసిండ్రంటే మాత్రం గొంతులో నిప్పు పోసినట్టే. అందుకే నేనూ పట్టించుకోలేదు. తర్వాత తర్వాత తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం మొదలైంది. ఛాతీ మీద బస్తా పెట్టినట్టు బరువు, లోపల పిల్లికూతలు. మా ఇంటామె లేచి వీపు రాసేది. అరగంట కూర్చుంటే గానీ దమ్ము తిరిగేది కాదు.

మా వాడ ఆర్‌ఎంపీ రెండు సూదులు వేసి, చిన్న తెల్ల గోలీలు ఇచ్చేటోడు. నాలుగు రోజులు హాయి, ఐదో రోజు మళ్లీ అదే కథ. ఆ గోలీ స్టెరాయిడ్ అని రెండేండ్లకు, రక్తంలో చక్కెర పెరిగినప్పుడు తెలిసింది. టీబీ అనుమానంతో తెమడ పరీక్ష రెండుసార్లు, ఎక్స్‌రే మూడుసార్లు తీయించుకున్నాను. ఏమీ లేదన్నారు. ప్రశ్నార్థకం పెట్టిన డాక్టరు దగ్గర్నుంచి ఇంకో దవాఖానకు పోతే అక్కడి డాక్టరు పాత చీటీ చూసి కొత్త చీటీ రాసిండు. అందులో ‘ఆస్తమా’ ఉంది, ప్రశ్నార్థకం లేదు. మూడో ఆయన ఒక్క చూపు చూసి ‘డస్ట్ అలర్జీ’ అన్నడు. మధ్యలో ఒక ఏడు మృగశిర కార్తెకు హైదరాబాద్ పోయి చేప మందు కూడా మింగొచ్చిన, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. నన్నడిగితే వీళ్లందరిలో నిజాయితీపరుడు ఆ ప్రశ్నార్థకం పెట్టినాయనే. తెలియనిది తెలియదని రాసిండు. కాకపోతే తేల్చుకోవడానికి ఎక్కడికి పోవాలో చెప్పలేదు.

ఊపిరితిత్తుల జబ్బును గొట్టంలో ఊదించి తేలుస్తారని నాకు చెప్పింది డాక్టరు కాదు, నర్సింగ్ చదివే మా మేనకోడలు. ఆ పరీక్ష పేరు స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, గుండె నిండా గాలి పీల్చమని, ఒక్కపెట్టున ఊదమంటారు. పక్కన నిలబడ్డ పిల్ల ‘ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా’ అని అరుస్తుంటే మా యార్డులో వేలం పాటే గుర్తొచ్చింది. తర్వాత పంపు మందు (ఇన్హేలర్) ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చిన గాలి మందు తర్వాత 12 శాతం, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఆస్తమా వైపు గట్టి ఆధారమట. అంతే, సూది పోటు కూడా లేదు.

అయితే నేను ఊదింది ఆగస్టులో. యార్డు ఖాళీ, ఒంట్లో బాగుంది. రిపోర్టు నార్మల్ వచ్చింది. స్వీట్లు కొనుక్కుని ఇంటికి పోయిన. ఫిబ్రవరిలో తేజా బస్తాలు దిగడంతోనే మళ్లీ మూడింటి మెలకువ.

ఈసారి చూసిన ఛాతీ డాక్టరు విసుక్కోకుండా వివరించిండు. ఆస్తమా వచ్చి పోయే జబ్బు, బాగున్న రోజు ఊదితే మామూలుగానే కనబడొచ్చు, అంతమాత్రాన లేదని కాదు. మరోవైపు మిర్చి ఘాటు ఏ జబ్బూ లేనివాళ్లకూ దగ్గు తెప్పిస్తుంది, కాబట్టి ఒక్క దగ్గును చూసి ఆస్తమా అని కూడా అనొద్దు. ఎంత జోరుగా ఊదగలమో అంకెల్లో చూపే పీక్ ఫ్లో మీటర్ అనే ప్లాస్టిక్ గొట్టం కొనిపించి, పొద్దున సాయంత్రం మూడేసి సార్లు ఊది, అందులో పెద్ద అంకె రాయమన్నడు. లెక్కలు రాయడం నాకు కొత్తా? చిట్టా పుస్తకం వెనక పేజీల్లో రెండు వారాలు రాసిన. సెలవు రోజులు ఇంటి పట్టున ఉన్నాక 410, నాలుగు రోజులు తేజా కుప్పల మధ్య తిరిగాక తెల్లవారి 300. డాక్టరు ఆ పేజీలు నాకన్నా ఎక్కువసేపు చూసిండు. వెంటనే మళ్లీ స్పైరోమెట్రీ చేయిస్తే మొదటి సెకను గాలి మందుకు ముందు 2.10 లీటర్లు, తర్వాత 2.45. ప్రశ్నార్థకం పోయింది. పీల్చే మందు రోజూ వాడుతున్నాను, రాత్రి నిద్ర పడుతోంది. పంపు అలవాటైపోతుందని భయపెట్టినవాళ్లకు చెప్తున్నా, నాకు అలవాటైంది నిద్రే.

నా విన్నపం అధికారులకు. ఆరోగ్య శిబిరాలు పెడతారు, బీపీ, షుగర్ చూస్తారు, మంచిదే. ప్రపంచ ఆస్తమా దినం మే నెల మొదటి మంగళవారం. అప్పటికి మా దగ్గర మిర్చి రద్దీ తగ్గుముఖం పడుతుంది. మా దమ్ము పరీక్ష చేయాల్సింది ఫిబ్రవరి, మార్చిలో, యార్డులోనే. ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి రాత్రంతా బస్తాల మీద కూర్చుని వచ్చే రైతులు కూడా అప్పుడే ఇక్కడ దొరుకుతారు. స్పైరోమెట్రీ యంత్రం ప్రతి చిన్న దవాఖానలో పెట్టడం కష్టమంటే అర్థం చేసుకుంటాం. పీక్ ఫ్లో మీటరుకు కరెంటు కూడా అక్కర్లేదు. బస్తీ దవాఖానల్లో, పీహెచ్‌సీల్లో అదైనా పెట్టండి. అనుమానం ఉన్నవాళ్లను ఎక్కడికి పంపాలో చీటీ మీదే రాయమనండి.

నా గొట్టం చూసి మా హమాలీలు ‘సేటూ, ఒకసారి ఊది చూస్తం’ అని అడుగుతున్నారు. ఒకరు నోట్లో పెట్టుకున్నది ఇంకొకరికి ఇవ్వకూడదు కాబట్టి లేదంటున్నాను. వాళ్లలో ఇద్దరి పిల్లికూతలు నా బల్ల దగ్గరికే వినబడతాయి.

ఇట్లు,
ఒక గుమాస్తా,
ఏనుమాముల, వరంగల్.