కెపాసిటర్లన్నీ మూలన కూర్చుంటే ఎలా

ఎడిటర్ గారికి నమస్కారం. చదువు పేజీలో ఏఐ గురించి, రోబోల గురించి రాస్తున్నారు బానే ఉంది, చిప్‌కి అందుబాటులో కాస్త కరెంటు దాచిపెట్టే వంద నానోఫారడ్ల బుల్లి కెపాసిటర్ గురించి కూడా ఓ ముక్క వేయండి సార్, మొన్న దాని పుణ్యమా అని మా ఇంట్లో మూడు రాత్రులు జాగారం.

మా మేనల్లుడు ఇక్కడే బెంగళూరులో ఇంజనీరింగ్ ఫైనలియర్, మోటార్ ఆన్ చేసే బోర్డు చేశాడు, మోటార్‌కి కరెంటిచ్చే స్విచ్, అదే రిలే, టక్కుమన్నప్పుడల్లా బోర్డుని నడిపే చిప్ (కంట్రోలర్) రీస్టార్ట్. కోడ్ తప్పనుకుని కోడే మారుస్తూ కూర్చున్నాడు. మల్టీమీటర్‌లో 3.3 వోల్టులు కదలట్లేదు మావయ్యా అంటాడు, నానోసెకన్లలో పడి లేచేది దానికేం కనబడుద్దిరా! రిలే ఆగేటప్పుడు కాయిల్ కొట్టే వోల్టేజ్ దెబ్బని ఆపే డయోడ్ ఉందా అని ముందు చూశా, ఉంది. తీరా చూస్తే 104 అని (అంటే వంద నానోఫారడ్లే) రాసున్న కెపాసిటర్లు నాలుగూ కనెక్టర్ పక్కన మూలన, ప్రేయర్‌లో పిల్లల్లా వరసగా నిలబడున్నాయి. స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ ప్రకారం కరెక్టే, కానీ చిప్ 5 సెంటీమీటర్ల అవతల. బోర్డు మీది రాగి గీతకి (ట్రాక్) కరెంటు మార్పుని అడ్డుకునే గుణం, అదే ఇండక్టెన్స్, మిల్లీమీటరుకి సుమారు 1 నానోహెన్రీ వేసుకున్నా 50 అవుతుంది, చిప్ 5 నానోసెకన్లలో 50 మిల్లీఆంప్స్ లాగిందంటే అర వోల్టు దార్లోనే పోయింది. కింద సంపు నిండా నీళ్లున్నా ఒంటికి సబ్బు రాసుకున్నాక బకెట్ పక్కనుండాలి కదండీ.

ఇంకో 104 తీసి, కాళ్లు కురచగా కత్తిరించి, చిప్ సప్లై పిన్నుకీ గ్రౌండ్ పిన్నుకీ మధ్య నేరుగా సోల్డర్ చేశా. రిలే ఇరవైసార్లు కొట్టించాం, రీస్టార్ట్ లేదు.

కొనేటప్పుడు కూడా ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డులో పది మైక్రో(ఫారడ్ల కెపాసిటర్) ఇవ్వన్నా అని ఇచ్చింది జేబులో వేసుకొచ్చేస్తారు. సిరామిక్ కెపాసిటర్లలో వై5వి రకమైతే వేడికీ చలికీ కెపాసిటీ 80 శాతం దాకా పడిపోవచ్చు, ఎక్స్7ఆర్ అయితే 15 లోపే. అదైనా మరీ బుల్లి సైజు, 6.3 వోల్టుల దాకా అని రాసున్నది తెచ్చి 5 వోల్టుల లైన్లో పెడితే పేరుకే పది, పనికి సగం కూడా ఉండకపోవచ్చు, కాస్త పెద్దదే తీసుకోండి. సిగ్నల్‌ని గీతగా చూపించే స్కోప్ (ఆసిలోస్కోప్) ఉన్నవాళ్లు ప్రోబ్ పొడుగు గ్రౌండ్ క్లిప్ తీసేసి చిన్న స్ప్రింగ్ పెట్టండి, లేదంటే లేని నాయిస్ కూడా కనబడుద్ది.

మూలనున్న నాలుగూ పీకేద్దామంటే మావాడు ఒప్పుకోలేదు, వరస బాగుందట.

- ఓ పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు