ఈసీజీ తీయించావా?

చిన్నీ,

ఇక్కడంతా కులాసా. పెరట్లో మామిడి ఈసారి విరగకాసింది. మామ్మ పచ్చడి ముక్కలకని అందర్నీ పరుగులు పెట్టిస్తోంది. నీ ఫోనే రావట్లేదు. క్యాంపులో తీరిక ఉండదులే.

శారదత్త వాళ్ల రఘు మొన్న ఏదో అన్నాడు. రౌండ్లు కొడుతుంటే నీకు కళ్లు తిరిగాయట. వాడి మాటల్లో సగం కోతలే, ఆ సంగతి నాకూ తెలుసు.

సంక్రాంతికి నీ వాచీలో నాడి 45 చూసి అమ్మకి ఆ రాత్రి నిద్ర లేదు. నేను మన డాక్టరుగారిని అడిగాను. ఏళ్ల తరబడి పరిగెత్తేవాళ్లకు గుండె ఎడమ గది పెద్దదై, గోడ కాస్త మందమవుతుందట. ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది కనుక నెమ్మదిగా కొట్టుకున్నా సరిపోతుంది. కూర్చున్న మనిషికి నిమిషానికి సుమారు 5 లీటర్లు చాలు, మేటి క్రీడాకారులు పోటీలో 30 దాటిస్తారట. అందుకని ఆ 45తో నాకు పేచీ లేదు.

పరుగు ఆపాక కళ్లు తిరిగితే, రక్తం కాళ్లలో నిలిచిపోయి అలా అయిందనుకోవచ్చు. పరిగెడుతుండగా తిరిగితే మాత్రం ఊరుకోకూడదట. గోడ మందం సాధన వల్లో, పుట్టుకతో వచ్చిన జబ్బువల్లో మనిషిని చూసి చెప్పలేరు.

2021 జూన్ 12 రాత్రి బాబాయీ నేనూ యూరో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నాం. కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్. త్రో-ఇన్ బంతి అందుకోబోతూ డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సెన్ ముందుకి పడిపోయాడు. ఎవరూ తాకనేలేదు. వయసు 29. జట్టువాళ్లు చుట్టూ గోడలా నిలబడ్డారు. బాబాయి టీవీ కట్టెయ్యమన్నాడు, నాకు చెయ్యి రాలేదు. గుండె నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. తర్వాత గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే చిన్న యంత్రం ఛాతీలో పెట్టారు. అప్పుడతను ఆడుతున్నది ఇటలీ క్లబ్బుకి. పోటీలకి దిగేవాళ్లకి 1982 నుంచీ అక్కడ ఈసీజీ తప్పనిసరి. అంత పట్టింపున్న చోట ఆడేవాడికే అలా జరిగింది. యంత్రంతో ఆడటానికి అక్కడ ఒప్పుకోరని ఇంగ్లండు వెళ్లి, 2022 ఫిబ్రవరిలో మళ్లీ మైదానంలోకి దిగాడు.

భయపెడదామని కాదు. ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తీయించుకో, డబ్బు నీ అకౌంట్లో వేశాను. కళ్లు తిరిగిన మాట కోచ్ గారికి నువ్వే చెప్పు. డాక్టరు చూసేదాకా ట్రాక్ ఎక్కకు. జ్వరం ఉన్నప్పుడు కూడా పరిగెత్తొద్దు, ఆ వైరస్ గుండెకి పాకవచ్చట. మజ్జిగలో ఉప్పేసుకో.

సున్నుండలు బస్సు పార్సిల్లో వేశాం, రఘు తెచ్చిస్తాడు. వాణ్ణి తిట్టకు. రిపోర్టు ఫోటో మాత్రం నాకే పంపు, అమ్మకి వద్దు.

నాన్న