ఛాయాచిత్రకారుల సంఘం వార్షిక నివేదిక: ‘కనబడుటలేదు’ గోడలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెలవారీ సమావేశాలు యథాప్రకారం జరిగాయి. జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం. ఈ ఏడాది మన శ్రమ, వాదోపవాదాలు అన్నీ దాదాపు ఒకే పని చుట్టూ తిరిగాయి: తప్పిపోయిన వారి కోసం నగరమంతా అంటించే ‘కనబడుటలేదు’ పోస్టర్లను వీధి ఛాయాచిత్రాలుగా తీయడం.

ఇటువంటి గోడలకు చరిత్ర ఉంది. 1977 ఏప్రిల్ 30న అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్లాజా డి మాయో కూడలిలో కొందరు తల్లులు తొలిసారి గుమిగూడారు. సైనిక పాలనలో మాయమైన తమ బిడ్డల ఫొటోలను తర్వాత ఏళ్ల తరబడి వీధుల్లో పట్టుకు తిరిగారు. 1983 సెప్టెంబరులో అదే నగరపు గోడల మీద, మాయమైనవారికి గుర్తుగా నిలువెత్తు మనిషి ఆకారాలు వెలిశాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్‌లో ఆసుపత్రుల గోడలు, బస్టాపులు పోస్టర్లతో నిండిపోయాయి. ఆ నెలలోనే అక్కడ పెట్టిన ఒక ప్రదర్శనలో పేరున్న ఫొటోగ్రాఫర్ల చిత్రాలనూ, మామూలు జనం తీసినవాటినీ ఎవరి పేరూ రాయకుండా పక్కపక్కనే వేలాడదీశారు. మన ప్రదర్శనలో తీసినవారి పేర్లు వేయకపోవడానికి ప్రేరణ అదే. దీనికి అలిగిన సభ్యులున్నారు. అలక న్యాయమే, నిర్ణయమూ న్యాయమే.

చిత్రాల విషయానికి వస్తే, దగ్గరగా తీసినవే ఎక్కువ చెప్పాయి. ఒక పోస్టరులోని యువకుడి ఫొటోను ఏదో గుంపు ఫొటోలోంచి కత్తిరించారు. భుజం మీద మరొకరి నాలుగు వేళ్లు అలాగే ఉండిపోయాయి. ‘ఎరుపు చొక్కా’ అని కింద నల్లటి అక్షరాల్లో ఉంది, బొమ్మలో చొక్కా దాదాపు తెల్లగా ఉంది. ఎండకు ముందుగా పోయేవి పసుపు, మెజెంటా (ముదురు గులాబీ) సిరాలు. నీలం మిగులుతుంది. అందుకే పాత పోస్టర్లలో ముఖాలన్నీ నీలి రంగుకు తిరుగుతాయి. ఆ రంగును కంప్యూటర్‌లో సరిదిద్దవద్దని నిర్ణయించాం. ప్లాస్టిక్ కవరులో పెట్టిన పోస్టర్లకు ఫ్లాష్ పనికిరాలేదు. లెన్సుకు తగిలించే పోలరైజర్ ఫిల్టరు వాడినవారికి మెరుపు తగ్గింది. షట్టరును సెకనులో ఎనిమిదో వంతుకు తగ్గించి, కెమెరాను గోడకు ఆనించి తీసినవారికి ముఖం నిశ్చలంగా, ముందు నడిచే జనం పొగలా వచ్చారు. ఈ పద్ధతిని ఇప్పటికే అతిగా వాడేశాం. వచ్చే ఏడాది కాస్త ఓపిక పట్టి, ఆగి చదివేవారి కోసం ఎదురుచూస్తే మేలు.

అసలు రభస ఫోను నంబర్ల దగ్గర మొదలైంది. ప్రదర్శనకు ముందు ఆ నంబర్లకు ఫోను చేసి అనుమతి అడగాలని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ ఆ ఇంట్లో మోగే ప్రతి ఫోనూ కబురు తెచ్చిందేమోనని ఎత్తేవారికి, ‘మీ పోస్టరు ఫొటో తీసుకున్నాం’ అని ఎలా చెబుతాం? ప్రతిపాదన వీగిపోయింది. స్థానిక పోలీసు స్టేషను ద్వారా అడగాలని తీర్మానించాం. జవాబు రాని చోట ముఖం గుర్తుపట్టేలా ఉన్న చిత్రాన్ని ప్రదర్శించలేదు. పిల్లల ముఖాలను ఏ పరిస్థితిలోనూ పెట్టలేదు.

మరో చిక్కు ఉంది. మనిషి దొరికాక ‘దొరికాడు’ అని ఎవరూ పోస్టరు వేయరు, పాతది పీకడానికీ రారు. ఇంటికి చేరి మామూలుగా బతుకుతున్న వ్యక్తిని మన ఫొటో ఇంకా తప్పిపోయినవాడిగానే చూపిస్తుంది. కొందరు తమ ఇష్టంతోనే ఇల్లు విడిచి ఉంటారు, భయపడి పారిపోయినవారూ ఉంటారు. అందుకే ప్రతి చిత్రం కింద తీసిన తేదీ వేశాం. ఎవరైనా వచ్చి తీసేయమంటే కారణం అడగకుండా తీసేస్తాం.

పోస్టరును సరిచేయడం, అతికించడం, మీద పడ్డ ప్రకటనను చింపడం వంటివి ఇకపై నిషిద్ధం. ఉన్నది ఉన్నట్టు తీయాలి. పోస్టరు అంటిస్తున్న కుటుంబాన్ని అడగకుండా తీయకూడదు. వారు అడిగితే కెమెరా పక్కనపెట్టి జిగురు డబ్బా పట్టుకోవచ్చు, దానికి తీర్మానం అక్కర్లేదు.

నంబర్లు కనిపించే అసలు ఫైళ్లు సభ్యుల ఫోన్లలో ఉండకూడదు. వాటిని సర్వసభ్య సమావేశంలోగా కార్యదర్శికి అప్పగించి, తమ దగ్గరి కాపీలను చెరిపేయాలి. కొత్త కార్యవర్గం ఎన్నిక కూడా ఆ రోజే.

ఇట్లు,
కార్యదర్శి